ఆగే కాయ, ఆగని పండు

మా అత్తగారి లెక్కలో కాయలూ పళ్లూ రెండే రకాలు. ఆగేవి, ఆగనివి. కొబ్బరి, గుమ్మడి, కంద ఆగేవి. అరటి, మామిడి, జామ, పనస ఆగనివి. రుచి, రంగు, ధర అన్నీ ఆ తరవాతే. ఈమధ్య చలికాలంలో మా అమలాపురం పళ్ల కొట్లలోకి స్ట్రాబెర్రీ డబ్బాలు రావడం మొదలయ్యాక ఆవిడ మూడో రకం ఒకటి కలిపారు. "కొనేలోపే పోయేది."

స్ట్రాబెర్రీని నాలుగు రోజులు ఆపడం ఎలా అని మా ఆడపడుచు అడిగింది. దానికి జవాబు ఉంది, కాసేపట్లో చెబుతాను. ముందు ఈ "ఆగడం" సంగతి మాట్లాడుకుందాం. కోతకొచ్చిన పండు ఇంకెన్నాళ్లు నిలుస్తుందన్నది వంటింటి ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, మా కోనసీమలో అది పెళ్లిళ్లనీ అప్పులనీ అన్నదమ్ముల వాటాలనీ కూడా నడిపించింది. కాయ ఆగితే ధర రైతు చెబుతాడు. ఆగకపోతే కొనేవాడు చెబుతాడు. మా చరిత్ర చాలావరకు ఈ రెంటి మధ్యే నడిచింది.

ముందు ఆగేదాని సంగతి. పేపర్లో అంబాజీపేట మార్కెట్ ధరల పట్టీ మీరు చూసే ఉంటారు. కొత్త కొబ్బరి, పాత కొబ్బరి, కురిడీ కొబ్బరి, అందులో మళ్లీ గండేరా, గటగట, ఆ కింద నీటికాయ, ముక్కుడు కాయ. చిన్నప్పుడు ఈ పేర్లు పైకి చదువుకుని నవ్వుకునేవాళ్లం. పెద్దయ్యాక అర్థమైంది, ఆ పట్టీ అంతా ఒకే కాయ వయసు లెక్క అని. పచ్చిగా ఉన్నప్పుడు ఒక ధర, నీరు తగ్గాక ఒక ధర, పూర్తిగా ఎండాక మరో ధర. కురిడీ అంటే ముదురు కాయని డొక్కతోనే నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీరంతా ఇంకిపోయి, కొబ్బరి గుండుగా చిప్ప నుంచి విడిపోయి, ఊపితే లోపల ఆడుతూ చప్పుడు చేసే కాయ. కింద పొయ్యి పొగ తగులుతుంటే పురుగు పట్టదని పాతకాలపు ఇళ్లలో అటక వంటింటి వైపు ఉండేది. ఆ కురిడీలు ఉత్తరాదికి వెళ్తాయి, అక్కడి పెళ్లిళ్లకి, పూజలకి. పచ్చికాయ ధర బాగాలేదా, అటకెక్కించు. దసరాకి చూద్దాం, లేకపోతే సంక్రాంతికి చూద్దాం. మా వైపు ఆడపిల్ల ఉన్న ఇంట్లో అటక మీద కాయలుంటే అది ఒక రకం బ్యాంకు పాస్‌బుక్కే.

అరటికి ఆ అటక లేదు. గెల కొట్టిన నిమిషం నుంచి గడియారం మొదలు. కాయ పలకలు తేలి ఉన్నప్పుడు కొడితే దూరం వెళ్తుంది గానీ తూకం తక్కువ. పలకలు పోయి గుండ్రబడ్డాక కొడితే తూకం బాగుంటుంది గానీ దగ్గర ఊళ్లకే పనికొస్తుంది. ఒడిశా వెళ్లాలంటే ఒక ముదురు, రాజమండ్రి వెళ్లాలంటే ఒక ముదురు. కర్పూర చక్కెరకేళి కాస్త ఓర్చుకుంటుంది. అమృతపాణికి ఓర్పే లేదు, మగ్గాక అత్తం నుంచి పళ్లు ఊడి రాలిపోతాయి. మా తాతయ్య దాన్ని "పుట్టింటికి పారిపోయే కోడలు" అనేవాడు. ఇప్పుడైతే ఆ మాటకి నేనే దెబ్బలాడేదాన్ని.

రావులపాలెం మార్కెట్‌కి తెల్లవారకుండా వెళ్లి చూడండి. సైకిళ్లకి అటూ ఇటూ గెలలు వేలాడదీసుకుని, పైన కట్టుకుని, మనిషి కనపడకుండా వస్తుంటారు రైతులు. లారీలు నిలబడి ఉంటాయి. అక్కడ రైతు ముఖంలో కనిపించే తొందర అంబాజీపేటలో కొబ్బరి రైతు ముఖంలో ఉండదు. ఈ ధర నచ్చలేదని గెల వెనక్కి తీసుకెళ్లిన మనిషిని నేను చూడలేదు. తీసుకెళ్లి ఏం చేసుకుంటాడు? దెబ్బ తగిలిన కాయ రేపటికి నల్లబడుతుంది.

మా అమ్మ పుట్టింటి కథ ఇక్కడే చెప్పాలి. తాతయ్యా, ఆయన అన్నగారు పెదతాతయ్యా వాటాలు పంచుకున్నప్పుడు పెదతాతయ్యకి ఊళ్లో కొబ్బరితోట, తాతయ్యకి గౌతమి ఒడ్డున లంక భూమి వచ్చాయి. లంకలో ఒండ్రు మట్టి, అరటి బంగారంలా పండుతుంది. తాతయ్య వాటాయే మంచిదని అందరూ అన్నారట. 1986 ఆగస్టులో వరద వచ్చింది. గోదావరి వాళ్లకి ఆ సంవత్సరం చెబితే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు. అది వరలక్ష్మీ వ్రతం వారం, అంటే గెలకి మంచి ధర పలికే వారం. శ్రావణం చివర్లో మా పిన్ని పెళ్లి. ఆ గెలలు అమ్మే సామాన్లు కొనాలని అనుకున్నారు. ఏటిలో నీళ్లు పెరుగుతున్నాయని తెలిసి తాతయ్యా పాలేళ్లూ రాత్రంతా లాంతర్లు పెట్టుకుని, తయారైనవీ కానివీ చూడకుండా గెలలు కొట్టి నావల్లో ఒడ్డుకి చేర్చారు. ఒడ్డున కుప్పలు. రోడ్లు మునిగాయి, పంటు కట్టేశారు, లారీలు లేవు. ఉన్న ఒకరిద్దరు బేరగాళ్లు చెప్పిందే ధర. మూడో రోజుకి ఆ ధరా లేదు, ఊరంతా పళ్లు పంచిపెట్టారు. మిగిలినవి గేదెలకి వేశారు.

పెళ్లి మాత్రం అనుకున్న ముహూర్తానికే జరిగింది. పెదతాతయ్య అటక మీది కురిడీలు దింపి అమ్మారు. తాతయ్య ఆ డబ్బు మూడేళ్లలో తీర్చేశాడు గానీ, పెదమామ్మ దగ్గర మా అమ్మమ్మ గొంతు ఆ తరవాత ఎప్పుడూ లేవలేదని అమ్మ చెబుతుంది. ఇద్దరి భూమీ మంచిదే, ఇద్దరి కష్టమూ ఒకటే. ఒకరి పంట ఆగింది, ఒకరిది ఆగలేదు. తేడా అంతే.

అలాగని కొబ్బరి ఎప్పుడూ గెలిచిందనీ కాదు. 1996 నవంబర్ 6న తుపాను కోనసీమ మీదికే వచ్చింది. ఆ రాత్రి అటకలు ఎగిరిపోయాయి, చెట్లే కూలిపోయాయి. అరటి పడితే ఏడాదికి మళ్లీ గెల వేస్తుంది. కొబ్బరి మొక్క నాటి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ తరవాత కొన్నాళ్లపాటు అంతర పంటగా వేసిన అరటే చాలా ఇళ్లకి పొయ్యి వెలిగించింది. కాయ ఆగుతుంది సరే, ముందు చెట్టు నిలబడాలి కదండీ.

ఆగని పండుకి రెండే దారులు. ఒకటి త్వరగా చేరవేయడం, రెండోది నెమ్మదిగా పండేలా చూడటం. మొదటి దారి మాకు నీళ్ల మీద వచ్చింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అందరూ దాన్ని వరి పొలాల కథగా చెబుతారు. కానీ ఆ కాలవలు పడవల దారులు కూడా. వైనతేయ మీదుగా కాలవని దాటించడానికి 1850ల్లో హేగ్ అనే ఇంజినీరు 49 ఖానాలతో గన్నవరం అక్విడెక్టు కట్టాడు. దాని పక్కన తరవాత కట్టినదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆవిడ వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి, ఆ పేరు అక్కడ ఉండటం ఎంతో బాగుంటుంది. లాకులు దాటుకుంటూ, గట్టు మీద మనిషి తాడుతో లాగుతుంటే, ధాన్యం, కొబ్బరి, అరటి ఆ కాలవల మీదే కదిలేవి. అయినా ఏరు దాటాలంటే పంటే గతి. రైలు సంగతి చెప్పక్కర్లేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన పట్టాలు రెండో ప్రపంచ యుద్ధంలో పీకేసి పట్టుకెళ్లారు, 2004లో గానీ రైలు తిరిగి రాలేదు. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి గారి పేరున్న వంతెన వచ్చింది 2002లో. రేవులో పంటు కోసం ఎదురు చూసిన ప్రతి గంటా గెల మీద మచ్చగా తేలేది.

రెండో దారి, పండుని నెమ్మదింపజేయడం. ఇందులో ప్రపంచం చాలాకాలం చలినే నమ్ముకుంది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక ఓడ నిండా మంచుగడ్డలు కలకత్తాకి వచ్చాయి. ఎక్కించింది 180 టన్నులైతే దిగేసరికి సుమారు 100 టన్నులు మిగిలిందట. ఆ మంచు మధ్య ఆపిల్ పళ్లు కూడా పెట్టి పంపారు. ఆ వ్యాపారి ట్యూడర్, మద్రాసులో 1842లో కట్టించిన ఐస్ హౌస్ ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది, వివేకానందుడు బస చేశాడని ఆయన పేరుతో చూపిస్తారు. మా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మద్రాసులో దొరలు మంచులో పెట్టిన ఆపిల్ తింటున్న రోజుల్లో ఇక్కడ మనవాళ్లు వరిగడ్డిలో మామిడికాయలు మగ్గేస్తున్నారు.

ఈ మగ్గెయ్యడం అనేది చిన్న విద్యేమీ కాదు. గెలలు ఒక గదిలో పేర్చి, మూల కుండలో కొబ్బరి డొక్కా పిడకలూ రాజేసి, పొగ నింపి, తలుపు సందులు మట్టితో మెత్తేవారు. మర్నాడు తెరిస్తే కాయ రంగు తిరిగి ఉండేది. వేడికి పండిందని అనుకునేవాళ్లం. అమెరికాలో నిమ్మకాయల వ్యాపారులూ సరిగ్గా ఇలాగే అనుకున్నారు. పచ్చి నిమ్మకాయలు పసుపు రంగు తిరగాలని గదుల్లో కిరోసిన్ స్టవ్‌లు పెట్టేవారు. కిరోసిన్ తీసేసి వేరే పద్ధతిలో గది వేడి చేస్తే రంగు రాలేదు! చివరికి పొగలోని ఇథిలీన్ అనే వాయువే ఆ పని చేస్తోందని 1924లో డెన్నీ అనే శాస్త్రవేత్త చూపించాడు. అంతకుముందే, 1910లో, జమైకాలో కజిన్స్ అనే అధికారి, ఓడలో నారింజల పక్కన అరటి పెట్టవద్దని, అరటి ముందే పండిపోతోందని రాశాడు. పళ్లు తమంతట తామే ఈ వాయువుని వదులుతాయని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ ఆపిల్ పళ్ల మీద నిరూపించాడు. అంటే పండే పండు పక్కదాన్ని కూడా పండిస్తుందన్నమాట. మా మామ్మకి గేన్ తెలియదు, కానీ ఒక పండిన పండు వేసి బియ్యం డబ్బా మూత పెట్టడం తెలుసు. పెళ్లికి పళ్లు కావాలంటే కలిపి ఉంచడం, నాలుగు రోజులు ఆగాలంటే అత్తాలు విడదీసి గాలి తగిలేలా దూలానికి వేలాడదీయడం, పండినది కనిపించగానే తుంచెయ్యడం. ఈ మూడూ ఒకే సూత్రం.

ఆ విద్యని పాడుచేసింది కార్బైడ్. వెల్డింగ్ షాపుల్లో వాడే ఆ రాయికి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, అది ఇథిలీన్‌లాగే కాయని రంగు తిప్పుతుంది. దానితో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా వస్తాయి. తోలు పచ్చన, లోపల పిండిపిండిగా ఉండే మామిడిపండు మీరూ తినే ఉంటారు. చట్టంలో ఇది ఎప్పటినుంచో నిషేధమే, 2011 ఆహార భద్రతా నిబంధనల్లోనూ రాశారు. 2016లో ఇథిలీన్ వాయువుని మాత్రం పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు వాడవచ్చని అనుమతిచ్చారు. ఇప్పుడు గెలలు మగ్గించే చలిగదుల్లో వాడేది అదే. మా వాళ్ల పొగగది సిమెంటు గోడలతో, మీటర్లతో తిరిగి వచ్చిందని నాకనిపిస్తుంది. కోపం కూడా వస్తుంది, ఎందుకంటే ఆ గది ఇప్పుడు రైతుది కాదు. కాయ ఎప్పుడు పండాలో నిర్ణయించేవాడికే లాభం. 2020లో మార్చి ఆఖర్న లాక్‌డౌన్ వచ్చింది, ఏప్రిల్ 2న శ్రీరామనవమి. పందిళ్లు లేవు, పెళ్లిళ్లు లేవు. గెలలు చెట్టు మీదే మగ్గాయి.

ఇక ఇంట్లో చలి సంగతి. ఫ్రిజ్ కొన్న కొత్తలో అన్నీ అందులో పెట్టేస్తాం. అరటి మాత్రం 13 డిగ్రీల కంటే చల్లటి చోట ఉండలేదు. తోలు నల్లబడిపోతుంది. పండినదైతే లోపల బాగానే ఉంటుంది, భయపడి పారేయకండి. పచ్చికాయ పెడితే మాత్రం తరవాత బయట పెట్టినా సరిగ్గా పండదు. అందుకే ఓడల్లో కూడా దానికి 13, 14 డిగ్రీలు చూసి పెడతారు.

పండుని పండుగా ఆపలేమని ఒప్పేసుకుని, దాన్ని ఇంకోటిగా మార్చేయడం మూడో దారి అనవచ్చేమో. అది పూర్తిగా ఆడవాళ్ల దారి. ఆత్రేయపురం పేరు చెప్పగానే పూతరేకులు గుర్తొస్తాయి, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా ఓటు మాత్రం అక్కడి మామిడి తాండ్రకే. రసం తీసి, తీపి కలిపి, చాప మీద పలచగా పూత పూయాలి. అది ఎండాక ఇంకో పూత. మళ్లీ ఎండ, మళ్లీ పూత. ఈగలు తోలాలి, మబ్బు చూడాలి, చినుకు పడితే నలుగురు పరుగెత్తాలి. పండులో నీరు పోతుంది, మిగిలిన కాస్త నీటినీ తీపి పట్టి ఉంచుతుంది, బూజుకి తాగడానికి ఏమీ దొరకదు. రెండు రోజుల పండు ఏడాది నిలుస్తుంది. ఆ పని చేసినవాళ్ల ఎండదెబ్బకి మాత్రం ఏ ధరల పట్టీలోనూ వరస లేదు.

ఇప్పుడు మా ఆడపడుచు స్ట్రాబెర్రీలు. వీటి తీరే వేరు. అరటి, మామిడి కోశాక పండుతాయి. స్ట్రాబెర్రీ పండదు. కోసిన నిమిషానికి ఎంత తీపి ఉందో అంతే, ఆ తరవాత పోవడమే గానీ పెరగడం లేదు. బియ్యం డబ్బా విద్య పనికిరాదు. అందుకే చరిత్రలో ఈ పండు ప్రయాణం చేయలేదు, మొక్కే చేసింది. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి అధికారి చిలీ దేశం నుంచి మొక్కలు తెస్తే ఆరునెలల ఓడ ప్రయాణంలో ఐదు బతికాయి. వాటికీ ఉత్తర అమెరికా మొక్కకీ కలిసి ఐరోపాలో పుట్టిందే ఇప్పుడు మనం తినే స్ట్రాబెర్రీ. మన దగ్గర మహాబలేశ్వరం నుంచి మొక్కలు తెచ్చి లంబసింగి, చింతపల్లి వైపు కొండ రైతులు వేస్తున్నారు. సుమారు 1000 మీటర్ల ఎత్తు, చలి, మంచు. డిసెంబర్ నుంచి పళ్లు. చూడటానికి వచ్చినవాళ్లు తోటలోనే కొనుక్కుంటే రైతుకి మంచిది. ఘాట్ దిగి నర్సీపట్నం దాటి మైదానపు ఎండలోకి వచ్చిందంటే పండు ఊపిరి రెండింతలు, మూడింతలవుతుంది. తెల్లవారుజామున కోసి, గంటలోపల చల్లబరిచి, సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే వారం వరకు నిలుస్తుంది. బయట అలాగే వదిలేస్తే ఒకటి రెండు రోజులే. కొండ మీద ఆ చల్లబరిచే గది ఎవరి చేతిలో ఉంటుందన్నదే రావులపాలెంలో మేం చూసిన ప్రశ్న.

ఇంట్లో చేయగలిగింది ఇదీ. తేగానే కడగకండి, తడే బూజుకి పుట్టిల్లు. డబ్బా తెరిచి, మెత్తబడ్డవీ నూగు పట్టినవీ ఏరి తీసేయండి. తొడిమ తుంచకండి, తుంచిన చోటే నీరూరుతుంది. వెడల్పు పళ్లెంలో పొడి గుడ్డ పరిచి ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసగా పెట్టి, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో ఉంచండి. తినేముందు మాత్రమే కడగండి. 52 డిగ్రీల వేడినీళ్లలో అర నిమిషం ముంచి, చల్లార్చి, బాగా ఆరబెట్టి దాచే పద్ధతి కూడా ఉంది. బూజు విత్తనాలు ఆ వేడికి చాలావరకు చస్తాయి. కానీ దానికి థర్మామీటరు కావాలి, పొద్దున్నే క్యారేజీలు సర్దే ఇంట్లో అది కుదిరే పని కాదని నా అభిప్రాయం. వెనిగర్ కలిపిన నీళ్లలో కడగమని కూడా చెబుతారు, పూర్తిగా ఆరబెట్టే ఓపిక ఉంటేనే అది చేయండి. మెత్తబడినవి అదే రోజు పంచదారతో ఉడికించేయండి. ఎండ బాగుంటే పళ్లేనికి నెయ్యి రాసి పలచగా పోసి, పైన పల్చటి నూలు గుడ్డ కట్టి డాబా మీద పెట్టండి. రెండో పూత మర్నాడు.